పార్ట్ టైమ్ అధ్యాపకులకు పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ ఉండవా?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. తణుకులో ఆరేళ్లు అధ్యాపకురాలిగా పనిచేశాను, అక్కడ పీఎఫ్ ఉండేది. ఏడేళ్ల కిందట అమలాపురం వచ్చాం. ఉదయం ఇక్కడి ప్రైవేటు డిగ్రీ కళాశాలలో, మధ్యాహ్నం పక్క మండలంలోని మరో కళాశాలలో గంటల లెక్కన కెమిస్ట్రీ చెబుతున్నాను. మొదటి చోట నెలకు సుమారు రూ.11,000, పీఎఫ్ కోస్తారు. రెండో చోట రూ.9,000, పీఎఫ్ లేదు. పార్ట్ టైమ్ వారికి అలాంటివి వర్తించవని యాజమాన్యం అంటోంది. తణుకు నాటి పీఎఫ్, పింఛను సొమ్ము తీసి పాప ఫీజుకు వాడమని తోటివారు చెబుతున్నారు. మావారికి కొద్దిపాటి కొబ్బరి తోట ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తణుకు నాటి పింఛను సొమ్మును మాత్రం కదపవద్దని ముందుగా కోరుతున్నాను. మీలాంటి తక్కువ జీతపు అధ్యాపకులకు రూపాయల కంటే సర్వీసు సంవత్సరాలే పెద్ద ఆస్తి.

పీఎఫ్‌తో పాటే నడిచే ఉద్యోగుల పింఛను పథకంలో నెలవారీ పింఛనును, చివరి 60 నెలల సగటు వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించి లెక్కిస్తారు. పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. 20 ఏళ్ల సర్వీసు పూర్తిచేసి, 58వ ఏట విరమించేవారికి మరో రెండేళ్లు కలుపుతారు. తణుకులోని ఆరేళ్లు, ఇక్కడి ఏడేళ్లు, రాబోయే పదిహేడేళ్లు కలిస్తే 30, అదనపు రెండేళ్లతో 32. వేతనం రూ.11,000 దగ్గరే ఉందనుకున్నా నెలకు సుమారు రూ.5,028 వస్తుంది. ఫారం 10సి పెట్టి ఆ ఆరేళ్ల సొమ్ము తీసుకుంటే లెక్క 26 ఏళ్లకు పడిపోయి రూ.4,085 మిగులుతుంది. ఇవాళ చేతికొచ్చే కొద్ది మొత్తం కోసం జీవితాంతం నెలనెలా రూ.900కు పైగా వదులుకోవడం నా దృష్టిలో తగని బేరం. వేసవిలో జీతం, చందా లేని నెలలను మినహాయిస్తే ఈ అంకెలు రెండూ కొంత తగ్గుతాయి గానీ వాటి మధ్య తేడా మాత్రం పోదు. పాత ఖాతాను ఇప్పటి యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యులకిచ్చే శాశ్వత ఖాతా సంఖ్య) ఆన్‌లైన్లో బదిలీ చేసుకోండి. ఫీజుకు మరో దారే లేకపోతే పీఎఫ్ నిల్వలోంచి నిబంధనలు అనుమతించినంత తీసుకోవచ్చు, పింఛను భాగం జోలికి వెళ్లకండి.

రెండో కళాశాల చెబుతున్నది చట్టానికి సరిపడదు. 20 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకు 1952 నాటి భవిష్యనిధి (పీఎఫ్) చట్టం వర్తిస్తుంది, విద్యాసంస్థలను 1982లో దాని పరిధిలోకి తెచ్చారు. ఆ చట్టం వేతనం తీసుకుని పనిచేసే ప్రతి వ్యక్తినీ ఉద్యోగిగానే చూస్తుంది, పూర్తికాలమా పాక్షికమా అని విడదీయదు. మన ప్రాంతంలో ఒకే సొసైటీ ఇంటర్, డిగ్రీ, బీఎడ్ కళాశాలలు నడపడం మామూలే కనుక, మా దగ్గర అంతమంది లేరని యాజమాన్యం అన్నప్పుడు ఆ సంస్థ విభాగాలు, శాఖలు అన్నింటినీ కలిపి లెక్కించాలని గుర్తు చేయండి. చేరేనాటికి వేతనం రూ.15,000 లోపు ఉన్నవారిని చేర్చుకోవడం తప్పనిసరి. ఆ రూ.9,000పై మీ వాటా 12 శాతం, అంటే రూ.1,080, యాజమాన్యానిదీ అంతే, అందులో రూ.750 పింఛనుకు, రూ.330 పీఎఫ్‌కు వెళ్తాయి. అలా నెలకు రూ.1,410 పీఎఫ్‌లో చేరుతూ, 2024-25కు ప్రకటించిన 8.25 శాతం వడ్డీయే కొనసాగితే 58 ఏళ్లకు దాదాపు రూ.6 లక్షలవుతుంది. యాజమాన్యం తన వాటాను మీ జీతంలోంచి కోయడానికి వీల్లేదు. చాలాచోట్ల ఇది జరుగుతోంది కాబట్టి మొదటి కళాశాల ఇచ్చే జీతపు చీటీని కూడా ఒకసారి పరిశీలించండి.

సగం గంటలు పాఠం చెప్పినవారికి సగం ప్రయోజనం ఇవ్వాలనడం న్యాయం; అసలు ఏమీ ఇవ్వకపోవడం అన్యాయం. పాఠం, ప్రయోగశాల, పరీక్షల పర్యవేక్షణ అన్నీ చేయించుకుని విరమణ వేళ మాత్రం ఉద్యోగి కాదనడం నాకు బాధ కలిగించే విషయం.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు యాజమాన్యం ఇచ్చే మొత్తం విషయంలో కూడా అధ్యాపకులకు హక్కు ఉంది. 2009 సవరణ వారిని 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా అప్పటి గ్రాట్యుటీ చట్టంలో చేర్చింది, 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు సంవత్సరాలతోనూ గుణిస్తారు. ఏడేళ్లకు రెండో కళాశాల నుంచి మీకు రావలసింది సుమారు రూ.36,300. సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. ఏడాదిలో 240 రోజులు, వారానికి ఆరు రోజుల కంటే తక్కువ పనిచేసే సంస్థల్లో 190 రోజులు పనిచేస్తే ఆ ఏడాదిని నిరంతరంగానే లెక్కిస్తారు. రోజుకు రెండు గంటలే చెప్పినా అది పనిదినమే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం నిర్ణీత కాల ఒప్పందంపై ఉన్నవారికి ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ అర్హత వస్తుంది. అందువల్ల ఏటా మీకిచ్చే నియామక పత్రం, హాజరు పట్టీ నకలు, బ్యాంకులో జీతం జమైన వివరాలు భద్రపరచుకోండి. చేతికి నగదు ఇస్తుంటే ఖాతాలో వేయమని అడగండి.

మీ నియామకం ఏటా పొడిగించేది కాబట్టి ఒంటరిగా ఫిర్యాదుకు దిగమని చెప్పను. మీలాంటి పార్ట్ టైమ్ అధ్యాపకులు నలుగురైదుగురు సంతకాలు చేసి యాజమాన్యానికి మర్యాదగా ఒక లేఖ ఇవ్వండి. స్పందన లేకపోతే రాజమహేంద్రవరంలోని భవిష్యనిధి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపవచ్చు. విచారణ జరిపి బకాయిని నిర్ధారించే అధికారం అక్కడి అధికారులకు ఉంది.

ఇక మీ సొంత పొదుపు. అటల్ పింఛను యోజనలో చేరే వయసు 40తో ముగిసింది కనుక అది మీకు కుదరదు, ఆ వయసు లోపు సహోద్యోగులకు చెప్పండి. కొబ్బరి ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు కాబట్టి, పీపీఎఫ్ (ఎవరైనా సొంతంగా పొదుపు చేసుకునే ప్రజా భవిష్యనిధి) ఖాతా తెరిచి దింపుల సొమ్ములో కొంత అందులో వేయండి. ఏడాదికి రూ.500 వేసినా ఖాతా నిలుస్తుంది, గరిష్ఠం రూ.1.5 లక్షలు. నెలలో ఐదో తేదీలోపు జమచేస్తే ఆ నెల వడ్డీ కూడా కలుస్తుంది. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక పదిహేనేళ్లకు, అంటే మీకు సుమారు 56-57 ఏళ్లప్పుడు గడువు తీరుతుంది. అప్పటికి అవసరం లేకపోతే ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. పీఎఫ్ ఖాతాలో ఈ-నామినేషన్ పూర్తిచేసి, తణుకు సర్వీసు బదిలీ అయ్యాక పాస్‌బుక్‌లో పాత చేరిక, విరమణ తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. అవి తప్పుగా ఉంటే ఆ పాత కళాశాల తెరిచి ఉన్నప్పుడే సరిచేయించుకోవాలి.