ఆ వాక్యం కొట్టెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

సారా వ్యతిరేక ఉద్యమం మీద నీ వ్యాసం అందింది. "స్వచ్ఛంద సంస్థలు మహిళల్ని చైతన్యపరిచాయి" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. ఎవరు ఏం చేశారో విడదీసి రాయి. నెల్లూరు జిల్లాలో జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల కార్యకర్తలు రాత్రిబడుల్లో పాఠాలు చెప్పారు, కళాజాతాలు ఆడారు. దానివల్ల ఆడవాళ్లు సాయంత్రంపూట ఒకచోట కూర్చోగలిగారు. దూబగుంటలో సారా దుకాణం మూయించింది, 1992లో జిల్లాలో సారా అమ్మే హక్కుకి సర్కారు పెట్టిన వేలంపాటల్ని అడ్డుకున్నది మాత్రం ఆడవాళ్లే.

వేలంపాట ఎందుకు కీలకమో పాఠకుడికి చెప్పాలి. దుకాణం మూతపడితే నష్టం కాంట్రాక్టరుకి, పాట ఆగితే ఖజానాకి. అందుకే సెగ హైదరాబాదు దాకా పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చాయి. నువ్వు అక్కడే ఆపేశావు. 1997లో మద్యనిషేధం ఎత్తేస్తే మళ్లీ అంత ఉప్పెన ఎందుకు రాలేదు? ఈలోగా నెల్లూరులో అధికారులు 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకో రూపాయి దాచే సంఘాలు పెట్టించారు. ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, బ్యాంకు మెట్లెక్కారు. అది చిన్న విషయం కాదు. కానీ అప్పు ఇప్పించే అధికారితో తగవు పెట్టుకోవడం కష్టం. నా దృష్టిలో పెద్ద కారణం ఇదే.

ఊళ్లోకి వెళ్తే పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం అడుగు. ఐదేళ్లవి వరసగా చదువు. అప్పుల మీద ఎన్ని, నీళ్లు, రేషను, బెల్టుషాపుల మీద ఎన్ని? రాత సభ్యురాలిదా, సంఘాల లెక్కలు రాసిపెట్టే యానిమేటరుదా? ఆ తీర్మానం గ్రామసభ పుస్తకంలోకి ఎక్కిందో లేదో పంచాయతీ కార్యదర్శి దగ్గర సరిచూడు. ఎక్కకపోతే సంఘానికి పలుకుబడి ఉందని తొందరపడి రాయకు.

సంఘం మనిషే సర్పంచి అయితే చెక్కుల సంగతి అడుగు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద ఉపసర్పంచి సంతకం కూడా ఉండాలంది. రిజర్వేషన్‌తో కుర్చీ వస్తుంది, అవతలి సంతకం పడకపోతే బిల్లు ఆగుతుంది. అప్పుడు సంఘం ఆమె వెనక నిలబడిందా లేదా అన్నది రాయి. ఇంటి దగ్గర అడిగితే భర్తే జవాబు చెప్తాడు, ఉపాధిహామీ పని దగ్గర కలువు. స్వచ్ఛంద సంస్థ వాళ్లతో ఆఖర్న మాట్లాడు, లేకపోతే వాళ్లు చూపించిన ఊరే రాస్తావు.

దిద్దిన ప్రతి పంపు. 1995 తర్వాతి భాగం రెండు పేజీలకు తగ్గకూడదు.