పారిష్ కౌన్సిల్ అంటే చర్చి కమిటీయా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు వర్క్ వీసా మీద వెళ్ళి ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూర్లో ఉంటున్నారండీ. ఈసారి వచ్చిన కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో పారిష్ కౌన్సిల్ అని ఇంకో లైను ఉందట. పారిష్ అంటే మాకు తెలిసింది చర్చి ఒక్కటే, మనం చర్చికి పన్నెందుకు కట్టాలి అంటున్నారు అల్లుడు గారు. ఇంకోటి, బస్టాప్ నించి వాళ్ళింటికొచ్చే దారిలో లైట్లు లేవు, డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి, మనవరాలిని తీసుకురావాలంటే అమ్మాయికి భయంగా ఉందట. ఎవర్ని అడగాలి?
– ఒక పాఠకురాలు, ఆనందపురం, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఆ డబ్బు చర్చికి వెళ్ళదు, అల్లుడు గారికి ముందు ఈ మాట చెప్పండి. ఒకప్పుడు ఇంగ్లండ్ పల్లెల్లో ఊరి పనులు కూడా చర్చి దగ్గర జరిగే వెస్ట్రీ మీటింగే చూసేది, 1894లో చట్టం చేసి ఆ పనుల్ని చర్చి నించి విడదీసి, ఎన్నికైన కౌన్సిళ్ళకి ఇచ్చారు. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. మన భీమిలికి 1861లోనే మునిసిపాలిటీ వచ్చింది, అంటే వాళ్ళ పల్లెల కంటే మనమే ముందు!

మన పంచాయతీ లాంటిదే అనుకోండి, కానీ ఇంకా చిన్నది. మెంబర్లు కనీసం ఐదుగురు, ఎక్కువ మంది జీతం లేకుండానే చేస్తారు. సర్పంచ్‌కి మనం నేరుగా ఓటేస్తాం, అక్కడ మెంబర్లే ఏడాదికోసారి తమలో ఒకరిని చైర్మన్‌గా ఎన్నుకుంటారు. మన సెక్రటరీ గవర్నమెంట్ ఉద్యోగి, అక్కడ క్లర్క్‌ని కౌన్సిలే పెట్టుకుంటుంది. ఆ ఏడాదికి ఎంత కావాలో లెక్కేసి పైనున్న కౌన్సిల్‌కి చెప్తే వాళ్ళు బిల్లులో కలిపి వసూలు చేసిస్తారు, దాన్నే ప్రిసెప్ట్ అంటారు, అందుకే పక్క ఊళ్ళో ఆ లైన్లో అంకె వేరేగా ఉంటుంది.

ఆ డబ్బుతో పిల్లల పార్కు, శ్మశానం, బస్ షెల్టర్, కమ్యూనిటీ హాల్ లాంటివి చూసుకుంటారు. కూరగాయలు పండించుకోడానికి చిన్న చిన్న మళ్ళు కూడా అద్దెకిస్తారు, మీ అమ్మాయి ఆనపపాదు పెట్టుకోవచ్చు. స్కూళ్ళు, రోడ్డు గుంతలు వాళ్ళ చేతిలో లేవు. ఎవరైనా ఇల్లు కట్టుకుంటామంటే అభిప్రాయం చెప్పగలరు గానీ పర్మిషన్ ఇచ్చేది వాళ్ళు కాదు.

ఇక లైటు సంగతి, నిజానికి మీ ఉత్తరంలో నాకు ముఖ్యమనిపించింది ఇదే. వీధిలైట్లు వేయించే అధికారం పారిష్ కౌన్సిల్‌కి ఉంది, కొన్ని ఊళ్ళలో మాత్రం ఆ లైట్లు కౌంటీవి (మన జిల్లా లాంటిది), కాబట్టి ఏ దారి, ఎక్కడ నించి ఎక్కడిదాకా చీకటి, పాప ఎన్నింటికి వస్తుంది అన్నీ రాసి ముందు క్లర్క్‌కి మెయిల్ పెట్టమనండి. తర్వాత మీటింగ్‌కి వెళ్ళాలి. మీటింగ్‌కి మూడు రోజుల ముందే అజెండా నోటీస్ బోర్డులో పెడతారు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, చాలా చోట్ల ఊరివాళ్ళు మాట్లాడ్డానికి మొదట్లో కాస్త టైమిస్తారు. మనం వేరే దేశం వాళ్ళం కదా అని వెనకాడొద్దు, పన్ను వాళ్ళూ కడుతున్నారు, ఆ దారిలో నడిచేది వాళ్ళ పాపే. అదే దారిలో వచ్చే ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్ళని కూడా తీసుకెళ్తే మరీ మంచిది.

ఇంకో మాట, ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి వీసా మీద ఉన్నా అక్కడి లోకల్ ఎలక్షన్లలో వాళ్ళిద్దరికీ ఓటుంది, ఈ సంగతి మనవాళ్ళు చాలామందికి తెలీదు. లిస్టులో పేరు లేకపోతే ఇప్పుడే ఆన్‌లైన్‌లో రాయించుకోమనండి. 2023 నించి ఓటేసేటప్పుడు ఫోటో ఐడీ చూపించాలి, మన ఇండియన్ పాస్‌పోర్ట్ సరిపోతుంది.