నిజాయితీపరుడు నిలబడితే మా పల్లెల్లో ఓట్లు ఎందుకు పడవు?

"అవినీతి లేని మంచి మనిషి పోటీ చేసినా వరంగల్ పల్లెల్లో ఓట్లు పడవెందుకు, డబ్బు వల్లేనా?" అని అడిగారు. డబ్బు ఉంది, కాదనను. కానీ నేను చూసినంతలో జనం లెక్క వేరు.

2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో పరకాల దగ్గర మా ఊళ్లో ఒక రిటైర్డ్ టీచర్ సర్పంచ్‌గా నిలబడితే ఆయనతో ఇంటింటికీ తిరిగాను. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు గానీ, ఏ గుర్తు ఏ పార్టీవాళ్లదో చిన్నపిల్లలైనా చెబుతారు. సారును ఎవరూ ఒక్క మాట అనలేదు. కుర్చీ వేశారు, చాయ్ పోశారు. ఒక పెద్దమ్మ మాత్రం మొహం మీదే అడిగింది: "సారు మంచోడే బిడ్డా. నా కొడుకును స్టేషన్‌కు తీస్కపోతే అర్ధరాత్రి ఎవలొస్తరు? ఎంజీఎంల బెడ్డు ఎవలిప్పిస్తరు?" ఎంజీఎం అంటే వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి. ఆమెకు కావాల్సింది ఎమ్మెల్యేకు ఫోన్ చేయగల మనిషి. అప్పుడే కొత్త భూమి పాస్‌బుక్కుల్లో తప్పులు పడి జనం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. "నేను పైరవీలు చేయను" అని సారు గర్వంగా చెబుతుంటే, వాళ్లకది "మీ పని నాతో కాదు" అన్నట్టే వినిపించింది. ఓడిపోయారు.

డబ్బే గెలిపిస్తే 2021 హుజూరాబాద్ ఉపఎన్నిక ఇంకోలా ఉండేది. ఓటుకు డబ్బు పెట్టి పంచే కవర్లు అందలేదని ఆడవాళ్లు రోడ్డెక్కిన ఎన్నిక అది. దళిత కుటుంబానికి 10 లక్షలిచ్చే దళితబంధు పథకానికి అప్పటి టీఆర్ఎస్ ప్రభుత్వం ఆ నియోజకవర్గాన్నే పైలట్‌గా ఎంచుకుంది. అయినా ఆ పార్టీని వదిలి బీజేపీ నుంచి నిలబడ్డ ఈటల రాజేందరే గెలిచారు. ఆయన్ని సంస్కర్త అనడం లేదు. అక్కడి మా చుట్టాలు చెప్పే కారణం ఒక్కటే, "మా పెండ్లికి, చావుకు వచ్చిన మనిషి."

చదువు లేక ఇలా ఓటేస్తారనుకోకండి. అదే ఏడాది వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో తెలంగాణ జేఏసీని నడిపించిన కోదండరాం మూడో స్థానంలో ఆగిపోయారు. మొదటి ఓటు వేరేవాళ్లకు వేసి, రెండో ప్రాధాన్య ఓటు కోదండరాంకే వేశామన్న డిగ్రీవాళ్లు నాకు చాలామందే తగిలారు! రెండో స్థానంలో నిలిచిన తీన్మార్ మల్లన్నకు అప్పుడు పార్టీ లేదు, కానీ రోజూ యూట్యూబ్‌లో కనిపించే మనిషి.

మీ దగ్గర నిలబడతానంటున్న ఆయన్ని ఇప్పటి నుంచే పింఛన్ దరఖాస్తులు, భూమి రికార్డుల సవరణలు పట్టుకుని ఆఫీసులకు తిరగమనండి. పైరవీ లేకుండా నలుగురి పని అయితే ఆ వాడవాళ్లే ఆయన తరఫున మాట్లాడతారు. గీసుకొండ మండలం గంగదేవిపల్లికి ఒకసారి తీసుకెళ్లండి, నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ పెట్టుకుని ఊరివాళ్లే ఎలా నడుపుకున్నారో అక్కడి పెద్దమనుషులను అడిగితే చెబుతారు.