జిరాక్స్ షాపులో కూర్చుంటే కనబడే ఇంగ్లిష్

ఇంగ్లిష్‌లో రోజూ చిరాకు పుట్టించే తప్పులేవి, ఈమధ్య అందరి గ్రామరూ మాటతీరూ దిగజారిపోయాయని మీకూ అనిపిస్తోందా అని అడిగారు. నాకు నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పదహారేళ్ల నుంచి జనం తెల్లకాగితం మీద రాసుకొచ్చిన ఇంగ్లిష్‌ని టైపు చేయడమే నా పని. బయోడేటాలు, లీవ్ లెటర్లు, సోమవారం ప్రజావాణిలో ఇచ్చే దరఖాస్తులు, ఒకటేమిటి. అందుకని ఈ విషయంలో నాకు నోరు కొంచెం ఎక్కువే, ఓపిక పట్టి చదవండి.

చిరాకులు లేవని అనను. బయోడేటా తీస్తే చాలు "మైసెల్ఫ్ ఫలానా" అని మొదలు. నోటితో అంటే పోనీ అనుకోవచ్చు, కాగితం మీద కూడానా. "డిడ్ నాట్ వెంట్" అయితే రోజుకి రెండుసార్లు కనబడుతుంది. డిడ్‌లోనే జరిగిపోయిన కాలం వచ్చేసింది, మళ్లీ వెంట్ ఎందుకు బాబూ అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "రిటర్న్ బ్యాక్", "రివర్ట్ బ్యాక్" అని వెనక్కి రెండుసార్లు తిరిగేవాళ్లు, పోగొట్టుకున్నానని చెప్పే లూజ్‌కి ఒక ఓ బదులు రెండు ఓలు పెట్టి వదులు చేసేవాళ్లు. ఇక లీవ్ లెటర్ అంటే మనందరికీ బడిలో నేర్పిన మంత్రం ఒకటుంది కదా, "యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". ఒకాయన చెల్లెలి పెళ్లికి సెలవు కావాలని అదే మంత్రంలో ఫీవర్ తీసేసి "సిస్టర్ మ్యారేజ్" పెట్టుకొచ్చాడు. మా చెల్లెలి పెళ్లి నేనే చేశాను కాబట్టి ఎక్కువ నవ్వలేకపోయాను.

ఒకటి మాత్రం గమనించాను. ఇంగ్లిష్ తల్లిభాషగా ఉన్నవాళ్లు "షుడ్ హ్యావ్" అనాల్సిన చోట చెవికి వినబడినట్టు "షుడ్ ఆఫ్" అని రాస్తుంటారు, నెట్‌లో బోలెడు కనబడతాయి. మన పిల్లలు ఆ తప్పు దాదాపుగా చేయరు. మనం చెవితో కాదు, నోటుబుక్కుతో నేర్చుకున్నాం కాబట్టి. మన తప్పులు వేరే జాతి, వాటి అడుగున తెలుగు ఉంటుంది. "దాని గురించి చర్చించాం" అనుకుంటాం కాబట్టి "డిస్కస్డ్ అబౌట్" వస్తుంది. "ఇక్కడే ఉన్నా"లోని ఆ "ఏ" ఎక్కడ పెట్టాలో తెలియక "హియర్ ఓన్లీ" అంటాం. "కజిన్ బ్రదర్" అంటే నవ్వేవాళ్లున్నారు, నేను నవ్వను. పెద్దనాన్న కొడుకూ కజినే, మేనమామ కొడుకూ కజినే అంటే మనకెట్లా కుదురుతుంది? ఒకడు అన్న, ఇంకొకడు బావ. ఒక ఆడపిల్ల "కజిన్ బ్రదర్" అని రాసిందంటే "ఇతను నాకు అన్న వరస, ఇంకోలా అనుకోకండి" అని అర్థం. ఆ పని ఉత్త కజిన్ చేయలేదు.

నా పెద్దరికం తిరగబడిన సంగతి కూడా చెప్పాలి. దేవరకొండ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఇంటర్వ్యూ రోజే డిగ్రీ పరీక్ష పడింది, ఇంటర్వ్యూ రెండు రోజులు ముందే పెట్టమని మెయిల్ పెట్టాలి. తను "ప్రీపోన్" అని రాసుకొచ్చింది. అది మన దేశంలో ఎక్కువగా వాడే మాటమ్మా, బాగుండదు అని నేను దర్జాగా కొట్టేసి "అడ్వాన్స్" అని మార్చాను. మర్నాడు అమ్మాయికి ఫోన్, "ఉద్యోగమే ఇంకా ఇవ్వలేదు, అప్పుడే అడ్వాన్స్ అడుగుతున్నారేంటమ్మా" అని. నా మొహం చూడాలి అప్పుడు. తర్వాత వెతికితే ప్రీపోన్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో కూడా ఉంది. పోస్ట్‌పోన్‌కి సరైన జోడీ, అచ్చంగా పనికొచ్చే మాట. మనం నవ్వుకునే "డూ ద నీడ్‌ఫుల్" కూడా మన తప్పేమీ కాదు, ఒకప్పుడు ఇంగ్లండ్ వాళ్లు రాసిందే, వాళ్లు వదిలేశారు, మన ఆఫీసులు వదల్లేదు, అంతే.

దిగజారిందా అంటే, ఈ ఏడుపు కొత్తదేం కాదు. జొనాథన్ స్విఫ్ట్ అనే పెద్ద రచయిత 1712లోనే ఇంగ్లిష్ చెడిపోతోంది, బాగుచేయడానికి పండితుల మండలి ఒకటి పెట్టండి అని ప్రభుత్వంలో పెద్దాయనకి ఉత్తరం రాసి అచ్చువేశాడు. ఆయనకి "మాబ్", అంటే అల్లరిమూక, అనే మాటంటే ఒళ్లుమంట, లాటిన్ మాటని తుంచి చేసిన పొట్టిమాట అని. ఇవాళ పేపర్లో మాబ్ అని చూసి ఎవరైనా ఉలిక్కిపడతారా? నాకు తోచేది ఏంటంటే, మా నాన్న రోజుల్లో ఊరికి ఒకరో ఇద్దరో ఇంగ్లిష్ రాసేవాళ్లు, మిగతావాళ్లు కోర్టు ముందు కూర్చునే అర్జీల రైటరుతో రాయించుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లే రాసుకుంటున్నారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. రాసేవాళ్లు పెరిగితే తప్పులు కనబడక ఏంచేస్తాయి.

మాటల అలవాట్లంటే మా మేనల్లుడు గుర్తొస్తాడు. అమీర్‌పేటలో ఆర్నెల్లు కోచింగ్‌కి పోయొచ్చిండు, అప్పట్నుంచి "బేసికల్లీ" లేకుండా మంచినీళ్లు కూడా అడగడు. "లిటరల్లీ చచ్చిపోయా మామా" అంటాడు, ఎదురుగా మూడో రొట్టె తింటూ. అది చిరాకే గానీ కోపం రాదు. కోపం ఎప్పుడొస్తుందంటే, పల్లె నుంచి వచ్చిన పిల్లాడు జీరోని "జీరో" అనకుండా ఇంకోలా పలికాడని, పక్కన లైన్లో ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వినప్పుడు. మన తెలంగాణ మాటనే సినిమాల్లో ఎన్నేళ్లు రౌడీలకీ జోకర్లకీ పెట్టారో చూసినవాళ్లం, మనమే మళ్లీ ఇంకొకరి నోటిమీద నవ్వుతామా. అన్నట్టు మా షాపు బోర్డు మీద జిరాక్స్ ఎక్స్ బదులు జడ్‌తోనే ఉంటుంది. పెయింటరు అట్లా రాశాడు, మళ్లీ డబ్బులు పెట్టడం ఎందుకని వదిలేశాను.

నిజంగా ఒళ్లుమండే తప్పు వేరే ఉంది. జూన్‌లో ఒకాయన వచ్చాడు, ఆటో నడుపుతాడు, కొడుకు ప్రైవేటు బడిలో నాలుగో తరగతి. బడివాళ్లు పంపిన సర్క్యులర్ పట్టుకొచ్చి "అన్నా, గిదేం రాసిన్రో జర చదివి చెప్పు" అన్నాడు. మందపాటి కాగితం, పైన రంగుల లోగో. కింద ఫీజు గురించి మూడు లైన్లు. ఒకటికి రెండుసార్లు చదివినా, ఫీజు పదో తారీఖు లోపల కట్టాలా, పదో తారీఖు తర్వాత కూడా తీసుకుంటారా, కట్టకపోతే పిల్లాణ్ని రానిస్తారా రానివ్వరా, నాకు అర్థం కాలేదు. "నాట్" ఒకచోట, "అలౌడ్" ఇంకోచోట, మధ్యలో క్రియ ఎటో పోయింది. మన దగ్గర వేలకు వేలు తీసుకుని ఇంగ్లిష్ నేర్పుతామనేవాళ్లు ఒక్క వాక్యం చదివి చూసుకోరా? బయోడేటా పిల్లాడి తప్పు వాడికే నష్టం, వీళ్ల తప్పుకి ఆటో ఆయన ఒకపూట బేరం పోగొట్టుకుని నా షాపులో నిలబడాలి.

చివరికి కాగితం మీద నంబరుకి నేనే ఫోన్ చేశాను. అవతలి ఆమె చక్కటి తెలుగులో, "పదో తారీఖు లోపల కట్టాలండీ, లేటైతే వంద ఫైను, బాబుని మాత్రం పంపించండి" అంది. స్పీకర్ పెట్టాను కాబట్టి ఆయనా విన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "మరి గిదే ముక్క గిట్లనే రాసి పంపుతే ఏమైతుండె" అన్నాడు. ఆయన దగ్గర డబ్బులు తీసుకోలేదు.