పోర్క్ బెల్లీ తోలు రబ్బరులా సాగుతుంటే

ఓవెన్‌లో చేసిన పోర్క్ బెల్లీ (తోలుతో ఉన్న పంది పొట్ట మాంసం) మెత్తగా ఉడికినా, కరకరలాడాల్సిన తోలు అక్కడక్కడ సాగుతోందన్నారు కదండీ, అది తడి వల్లే. మసాలా తోలుకీ పట్టించారు, పైగా చివరిదాకా ఫాయిల్ కప్పారు. ఆవిరి ఎటు పోతుంది?

కిలో ముక్కకైతే తోలు పొడిగా తుడిచి, సూదితో దగ్గరదగ్గరగా గుచ్చండి. మాంసం దాకా దిగనివ్వొద్దు, రసం పైకి ఉబికి ఆ చోటే మెత్తబడుతుంది. మసాలా అడుక్కీ పక్కలకీ మాత్రమే. రాత్రంతా మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు తోలు మీద 100 గ్రాముల రాళ్లుప్పు పరిచి, ఓవెన్‌లో 180 డిగ్రీల్లో గంట ఉంచండి. ఉప్పంతా గీకేసి 240లో 20–25 నిమిషాలు, దగ్గరే నిలబడి చూడండి. ముక్క ఒకవైపు పల్లంగా ఉంటే కింద ఫాయిల్ ఉండ పెట్టి సమం చేయండి; లేదంటే ఎత్తు వైపు మాడుతుంది, పల్లం వైపు పొంగదు. కోసేటప్పుడు తోలు కిందికి.