భోగాపురం దగ్గర గోదాము తీసుకునే ముందు

ప్రశ్న: మాది విజయనగరం. మా అబ్బాయి బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాడు. భోగాపురం విమానాశ్రయం దగ్గర గోదాము లీజుకు తీసుకుని వాడి చేత రొయ్యల ఎగుమతి వ్యాపారం పెట్టించాలని మా ఆలోచన. ముందుకు వెళ్లమంటారా?
– ఒక తండ్రి

జవాబు: స్థలం సంగతి తర్వాత, ముందు సరుకు గురించి మాట్లాడుకుందామండీ. మన కోస్తా నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యల్లో అత్యధిక భాగం గడ్డకట్టించి, శీతల కంటైనర్లలో ఓడ ఎక్కించేవే. వాటికి కావలసింది రేవు. అందుకోసం విమానాశ్రయం పక్కన అద్దె కట్టడం ఎక్కని విమానానికి టికెట్టు కొన్నట్టే.

ఆ పక్కన ఉంటే కలిసొచ్చేది గంటలు గడిచేకొద్దీ విలువ తగ్గే సరుకుకు. రొయ్యల రంగంలోనే చూడండి. హేచరీలకు, అంటే రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రాలకు, కావలసిన వనామీ రకం తల్లి రొయ్యలు విదేశాల నుంచి ప్రాణాలతో విమానంలోనే వస్తాయి. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంచాలి. 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయంలో మందుల కోసం ప్రత్యేక శీతల ఏర్పాట్లు చేసింది ఇందుకే. అయితే అక్కడా ఒక తిరకాసు ఉంది. టీకాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ హైదరాబాద్‌కు ఉత్తరాన ఉంటే, విమానాశ్రయం దక్షిణాన ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కాబట్టి పని నడుస్తోంది. సరుకు వేళకు చేరే దారి ఉంటే, గోడకు గోడ ఆనుకుని ఉండనక్కరలేదు.

స్థలం అమ్మేవాళ్లు చెప్పని మాట ఇంకొకటి. విమానాల్లో వెళ్లే సరుకులో చాలా భాగం ప్రయాణికుల విమానాల కింది అరల్లోనే వెళ్తుంది. భోగాపురం రన్‌వే పొడవు 3,800 మీటర్లు కావచ్చు. అక్కడి నుంచి విదేశాలకు నేరుగా పెద్ద విమానాలు తిరిగితేనే ఎగుమతిదారుకు ఉపయోగం. లేకపోతే సరుకు లారీలో హైదరాబాద్‌కో చెన్నైకో పోవలసిందే. లీజు రాసే ముందు చూడవలసింది విమానాల వేళల పట్టిక.

ఇక మీ అబ్బాయి. బీకాం చదివినవాడికి ఈ రంగంలో మంచి ద్వారం సరుకు రవాణా ఏజెన్సీ, లేదా ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చూసిపెట్టే కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయం. విశాఖలో రెండూ ఉన్నాయి. చదువు కాగానే అక్కడ చేర్పించండి. మొదట్లో జీతం తక్కువే, పని మాత్రం చేతికొస్తుంది. ఉదాహరణకు 60, 50, 40 సెంటీమీటర్ల అట్టపెట్టె తూకం 12 కిలోలే అనుకుందాం. విమాన కార్గోలో సాధారణంగా 6,000 ఘన సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కిస్తారు, అసలు తూకం కన్నా అది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తారు కాబట్టి ఇక్కడ 20 కిలోలకు పడుతుంది. ఇది తెలియకుండా ధర ఒప్పుకున్న కొత్త ఎగుమతిదారు మొదటి సరుకులోనే మునుగుతాడు. షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం), ఎయిర్‌వే బిల్లు (విమాన రవాణా పత్రం) నింపడం వచ్చాక, బ్రోకర్ల ఉద్యోగులకు కస్టమ్స్ వారు పెట్టే జీ కార్డు పరీక్షకు కూర్చోమనండి. ప్రమాదకర సరుకుల శిక్షణ సర్టిఫికెట్ కూడా ఉంటే మంచిది, కాకపోతే దాన్ని రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

అప్పటికీ గోదాము మీదే మనసుంటే రెండు విషయాలు కనుక్కోండి. విమానాశ్రయం చుట్టుపక్కల కట్టడాల ఎత్తుకు అనుమతి కావాలి. పక్షులు చేరకుండా పది కిలోమీటర్ల లోపల బహిరంగంగా చెత్త పారబోయడం నిషేధం. రొయ్యల తలలూ తొక్కలూ దాని కిందికే వస్తాయి.