ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు? ఉప్పునీళ్ళు చాలవా?

మీరు అడిగినవి రెండు. విరేచనాలతో పోయేది నీరూ ఉప్పూ అయినప్పుడు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు? ఒడిశాలోని మీ గుణుపురం దుకాణాల్లో దొరికే గ్లూకోజ్ పొడి గ్లాసుకి రెండు చెంచాలు అదనంగా వేస్తే పిల్లాడికి బలం వస్తుందా? రెండోదానికి ముందు జవాబు చెబుతాను: దయచేసి వెయ్యకండి. ఎందుకో మొదటి ప్రశ్నలోనే ఉంది.

చిన్నపేగు లోపలి గోడలో ఒక్కో కణం చుట్టూ ఉండే పొర కొవ్వు పదార్థంతో అల్లినది. ఆక్సిజన్ లాంటి చిన్న అణువులు దాన్ని తేలిగ్గా దాటుతాయి. సోడియం అయానుకి విద్యుదావేశం ఉంది, గ్లూకోజ్ పెద్ద అణువు, పైగా నీళ్ళలో కరిగేది. ఈ రెండూ ఆ కొవ్వులోంచి దూరలేవు. పొరలో అమరి ఉన్న ప్రోటీన్లే వాటికి దారి. ఇక్కడ మనకి కావలసిన ప్రోటీన్ పేరు ఎస్‌జీఎల్‌టీ1. సీట్లు నిండితేగాని కదలని షేర్ ఆటో అనుకోండి. ఉన్నవి మూడే సీట్లు: రెండు సోడియంకి, ఒకటి గ్లూకోజ్‌కి. ఒట్టి ఉప్పునీళ్ళు తాగిస్తే గ్లూకోజ్ సీటు ఖాళీ, ఆ దారిన సోడియం లోపలికి పోదు.

ఆ ఆటోని నడిపించే శక్తి కణానికి అవతలివైపు, రక్తం వైపున్న పొరలో ఉంది. అక్కడి సోడియం-పొటాషియం పంపు ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుతో మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. దాంతో కణంలో సోడియం ఎప్పుడూ తక్కువే. పేగులో ఎక్కువున్న సోడియం కణంలోకి జారుతూ గ్లూకోజ్‌ని వెంట తీసుకుపోతుంది. 1960లో జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ చెప్పింది ఇదే. నీటికి వేరే పంపంటూ లేదు. సోడియం, గ్లూకోజ్ ఎటు పోతే ఆస్మాసిస్ (పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకి నీరు జరగడం) వల్ల అదీ అటే పోతుంది.

కలరా విషం పేగు కణాల్లో క్లోరైడ్ ద్వారాలు తెరిచి పెడుతుంది. క్లోరైడ్ వెంట సోడియం, దాని వెంట నీరు పేగులోకి కారిపోతాయి. ఉప్పుని పీల్చుకునే మామూలు దారి కూడా మందగిస్తుంది. కానీ ఎస్‌జీఎల్‌టీ1 మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి ఎంతోమంది కలరా రోగుల్ని బతికించగలిగింది ఈ ఒక్క దారి తెరిచి ఉండబట్టే. అయితే ఓఆర్‌ఎస్ విరేచనాన్ని ఆపదు, పోయిన నీటిని తిరిగి ఎక్కిస్తుంది. "తాగించినా ఆగలేదు" అని మధ్యలో మానేస్తారు చాలామంది. అలా మానకూడదు.

ఇక కొలత. లీటరు పొట్లంలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. లీటరు నీళ్ళలో కలిపితే సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్, కరిగినవన్నీ కలిపి మొత్తం గాఢత 245 మిల్లీఆస్మోల్స్. మన రక్తానిది దాదాపు 290. పేగులో ద్రావణం రక్తం కన్నా పలచగా ఉంటే నీరు ఇంకా తేలిగ్గా లోపలికి పోతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో మీరన్న రెండు చెంచాలు, అంటే సుమారు 10 గ్రాములు వేస్తే గాఢత 500 దగ్గరికి పోతుంది. మోయగలిగినంత కన్నా ఎక్కువైన గ్లూకోజ్ పేగులోనే మిగిలి, ఒంట్లోని నీటినే ఎదురు లాగుతుంది. విరేచనం ఇంకా పలచనవుతుంది. తియ్యటి కూల్‌డ్రింకులు పనికిరానిదీ ఇందుకే. పాత ఓఆర్‌ఎస్ గాఢత 311 ఉండేది, 2002లో దాన్ని 245కి దించారు.

లీటరు పొట్లాన్ని అరలీటరులో కలిపినా అదే చెరుపు, పైగా రక్తంలో సోడియం పెరిగే ప్రమాదం. రెండు లీటర్లలో కలిపితే ఉప్పు చాలదు. చెంబుతో అంచనా వెయ్యకండి, ఖాళీ లీటరు నీళ్ళసీసా వాడండి. 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలూ ఉంటాయి కాబట్టి పొట్లం మీద రాసినది చూడండి. ఒడియా చదవడం రాకపోతే ఊళ్ళోని ఆశా కార్యకర్తని, అదే ఆశా దీదీని అడగండి. నీళ్ళు ముందే కాచి చల్లార్చాలి, కలిపాక కాచకూడదు. పొట్లం దొరక్కపోతే లీటరుకి తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. పంచదార పేగు గోడ దగ్గరే గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది.

ఉప్పేసిన వేడి గంజి కూడా మంచిదే. పిండిపదార్థం కొంచెం కొంచెంగా గ్లూకోజ్‌గా మారుతుంది కాబట్టి గాఢత ఒక్కసారిగా పెరగదు. తరవాణి (అన్నం నానబెట్టి పులియనిచ్చిన నీళ్ళు) మాత్రం, ఒడియావాళ్ళు తొరాణి అనేది, ఇప్పుడు వద్దు. రాత్రంతా నిలవున్న ఆ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని నమ్మలేం.

రెండేళ్ళ లోపు పిల్లలకి విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైవాళ్ళకి 100 నుంచి 200. చెంచాతో పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు మానకూడదు. పిల్లాడు మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, కళ్ళు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, దారిలోనూ చెంచాతో పడుతూనే ఉండండి. మగతలో మింగలేని బిడ్డకి మాత్రం నోట్లో ఏదీ పొయ్యకండి.